తరుగు కాశన్న పంచాయతీ

కాశీరాంకు ఒకటే జబ్బు. ఎదురుగా ఏది వచ్చినా అందులోంచి కొంత తరుగు తీయనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. ముద్దలోంచి కూడా తీసేవాడని ఆయన భార్య నీలవ్వ చెప్పేది గాని, ఆమె చెప్పినదాంట్లో తరుగెంతో ఎవరికీ తెలియదు.

పసుపు మార్కెట్ ముఖం చూడనివాళ్ల కోసం ఒక్క మాట. రైతు తెచ్చిన బస్తాలో కొంత తేమ ఉంటుంది, కొంత మట్టి ఉంటుంది, కొన్ని పుచ్చుకొమ్ములు ఉంటాయి. వాటికింద తూకంలోంచి బస్తాకు ఇంత అని కొట్టేస్తారు. అదే తరుగు. తూకం వేసేవాణ్ని దడ్వాయి అంటారు. కాశీరాం ఆర్మూర్ మార్కెట్‌లో ఇరవై రెండేళ్లు దడ్వాయిగా చేశాడు. ఎంత పసుపు ఒంటికి పట్టిందంటే, వానాకాలం ఆయన తడిసి ఇంటికొస్తే నీలవ్వ తువ్వాలు పిండి పప్పులో వేసేదట.

మార్కెట్లో తరుగు తీస్తే వృత్తి. ఇంటికొచ్చి కూడా తీస్తే?

"కాశన్నా, జరం నూట మూడున్నది," అని డాక్టరంటే, "తరుగు తీస్తే నూరే. సూది ఎందుకు?" అని మంచం దిగి నడిచిపోయాడు. "పిల్లగాడు అయిదడుగుల పదంగుళాలు," అని సంబంధం తెచ్చినాయన అంటే, "జుట్టు, చెప్పులు తరుగు తీసి చెప్పుండ్రి," అన్నాడు. ధర్పల్లిలో ఆయన పెదనాయన పోతే, "తొంభై ఏండ్లు నిండుగ బతికిండు," అని అందరూ ఏడుస్తున్నారు. కాశీరాం పాడె మోస్తూ లెక్కవేశాడు. "నిద్రవోయింది తీసేస్తే అరవయ్యే. పాపం, చిన్న వయసు."

అట్లాంటివాడు 1988లో గంజ్‌పేటకు సర్పంచ్ అయ్యాడు.

గంజ్‌పేట అంటే ఆర్మూర్‌కు తోక. జక్రాన్‌పల్లి రోడ్డు మీద ఆర్మూర్ ఎక్కడ అయిపోయిందో, గంజ్‌పేట ఎక్కడ మొదలైందో బస్సు కండక్టర్లకు కూడా తెలియదు. ఆ ఎన్నికల్లో ఇద్దరు పెద్దమనుషులు పోటీకి దిగారు. ఒకాయన ప్రతి ఇంటికీ నల్లా అన్నాడు. ఇంకొకాయన ప్రతి నల్లాకూ వేడినీళ్లు అన్నాడు. కాశీరాం వంతు వచ్చింది. "వాళ్లిద్దరు చెప్పినదాంట్ల తరుగు తీసి, మిగిలింది నేను జేస్త," అని మైకు వదిలేశాడు. జనం పడీ పడీ నవ్వారు. నవ్వినవాళ్లంతా వెళ్లి ఓటేశారు. నాలుగు వందల పన్నెండు ఓట్ల మెజారిటీ.

"నాలుగు వందలే," అన్నాడు కాశీరాం, మెడలో దండతో. "గా పన్నెండు మంది తాగి గుద్దిండ్రు. నాకు ఎర్కనే."

ఈ మెజారిటీ ఫలితాన్ని అందరికన్నా ఎక్కువ అనుభవించినవాడు పంచాయతీ గుమాస్తా ఇస్హాక్. సన్నటి మనిషి, ముత్యాల్లాంటి చేతిరాత. ఉర్దూ, తెలుగు రెండూ అచ్చు వేసినట్టు రాస్తాడు. ఏ సర్పంచ్ వచ్చినా మొదటి రోజు ఆయన చేసే పని ఒకటే. లెక్కల పుస్తకం తెరిచి, కొత్త సర్పంచ్ ముఖం వాడిపోతుంటే చూడటం.

"సర్పంచ్ సాబ్, మన బాకీ లక్షా ఎనభై ఆరు వేలు. పంపు కరెంటుది కొంత, వీధి దీపాలది కొంత. మిగిలింది గా కమాను కోసం, ఫౌంటెన్ కోసం తెచ్చిన అప్పు."

రోడ్డుకు అడ్డంగా స్వాగతం చెప్పే కమాను ఒకటి, దాని పక్కన ఫౌంటెన్ ఒకటి వెనుకటి పెద్దలు కట్టించిపోయారు. ఫౌంటెన్‌లోంచి నీళ్లు ప్రారంభోత్సవం రోజున ఒక్కసారే పైకి లేచాయి. అప్పటినుంచి బాకీ ఒక్కటే లేస్తోంది.

"తరుగు తీసి చెప్పు, ఇస్హాక్ భాయ్."

"బాకీకి తరుగు ఉండదు సాబ్. వడ్డీ ఉంటది."

కాశీరాం కుర్చీలో వెనక్కి వాలాడు. ఇరవై రెండేళ్ల అనుభవంలో ఇట్లాంటి సరుకు ఆయనకు తగల్లేదు. పసుపును ఎండబెడితే తూకం తగ్గుతుంది. దీన్ని ఎండబెడితే పెరుగుతోంది!

"ఇంకొకటున్నది సాబ్," అని ఇస్హాక్ పైఆఫీసు నుంచి వచ్చిన కాగితం ముందు పెట్టాడు. 1991 మార్చి 31 లోపల బాకీ మొత్తం తీరాలి. తీరకపోతే ఖర్చు తగ్గించటం కోసం రోజుకూలీ మీద ఊరు ఊడ్చే ఏడుగురు ఆడవాళ్లను పనిలోంచి తీసేయాలి. తీసేస్తున్నట్టు ఒక్కొక్కరికీ కాగితం ఇవ్వాలి. ఆ కాగితాలు రాయవలసింది ఇస్హాకే. భీమవ్వకు, చిన్నవ్వకు, వెంకవ్వకు... తన ముత్యాల్లాంటి చేతిరాతను ఆయన జీవితంలో మొదటిసారి అసహ్యించుకున్నాడు.

"వాళ్లకు చెప్పాల్నా సాబ్?"

"చెప్పకు. చెప్తే ఊడ్చుడు బంజేసి ఏడుసుకుంట కూసుంటరు. ఊరంత చెత్తయితది. మూడేండ్లున్నయి గదా. పుస్తకంల ఒక కొత్త గీత గియ్యి. పైన తరుగు అని రాయి."

ఇస్హాక్ గీశాడు. ఆ గీత పక్కన వరుస నిండటం మొదలైంది.

ముందు దొరికినవాడు కంట్రాక్టర్ రాజేశ్వర్. రోడ్డు గుంటల్లో నలభై ట్రాక్టర్ల మొరం పోశానని బిల్లు తెచ్చాడు. కాశీరాం బిల్లు ముట్టుకోలేదు. ఇంటినుంచి చాట తెప్పించి, గుంటలోంచి నాలుగు దోసిళ్లు తీయించి, పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని చెరిగాడు. దుమ్ము ఒకవైపు, రాయి ఒకవైపు కుప్ప పోశాడు.

"నలభైల తొమ్మిది ట్రాక్టర్లు మట్టి. ముప్పై ఒకటికే బిల్లు."

"అరె కాశన్నా! మొరమంటెనే మట్టి గదా!"

"అట్లనా? మరి మట్టి ధర ఏసుకరా."

రాజేశ్వర్ ముప్పై ఒకటికే సంతకం పెట్టి, తుమ్ముకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత వీధి దీపాలు. "పున్నమి ముంగట రెండొద్దులు, ఎనుక రెండొద్దులు, పున్నమి. నెలకు అయిదొద్దులు చంద్రుడు పుక్కట్ల ఎలిగిస్తుండు. మనం పైసలు గట్టి మళ్ల ఎలిగిచ్చుడెందుకు?" అని నెలకు అయిదు రోజులు దీపాలార్పించాడు. శ్రావణ పున్నమికి మబ్బు పట్టింది. కాశీరాం సొంత మామ మురుగు మోరీలో పడ్డాడు. కాలికి కట్టు కట్టించుకుని పంచాయతీకి వచ్చి, ఊరందరి ముందు అల్లుణ్ని నిలదీశాడు. "మామా, చంద్రుడు పంచాయతీ నౌకరు కాదు, ఆయన గైరుహాజరుకు నాది జిమ్మేదారి కాదు," అని అల్లుడు జవాబు చెప్పాడు. నీలవ్వ వారం రోజులు ఆయనకు కారం తరుగు తీసిన కూర పెట్టింది.

ఒకసారి ఓ పెద్ద నాయకుడు వచ్చాడు. వేదిక మీద తొమ్మిది మంది, పంచాయతీ కొన్నది ఒకటే దండ. నాయకుడి మెడలో వేయటం, ఫోటో తీయటం, తీసి పక్కాయన మెడలో వేయటం. తొమ్మిదో ఆయన దాకా వచ్చేసరికి దారం ఒక్కటే మిగిలింది. ఆయన దానికే దండం పెట్టాడు. నాయకుడు గంటన్నర మాట్లాడి, ఊరికి పది బోర్లు ఇస్తానన్నాడు. చప్పట్లు మిన్నంటాయి. కాశీరాం ఇస్హాక్ చెవిలో, "ఒకటి రాసుకో," అన్నాడు. ఏడాది తర్వాత ఒకటే వచ్చింది. అందులో నీళ్లు తరుగు.

ఫౌంటెన్ సంగతి అన్నిటికన్నా గొప్పది. మాఘమాసంలో పసుపు ఉడికించాక ఆరబెట్టడానికి రైతులకు మట్టి అంటని జాగా కావాలి. ఫౌంటెన్ చుట్టూ పెద్ద సిమెంటు తొట్టి, నున్నగా, నీటిచుక్క లేకుండా. కాశీరాం దాన్ని బస్తాకు ఇంతని కిరాయికిచ్చాడు. భీమ్‌గల్ నుంచి కూడా బండ్లొచ్చాయి. తొట్టి చాలక పంచాయతీ మిద్దె, వరండా, ఆఖరికి మీటింగు హాలు కూడా కిరాయికి పోయాయి. మూడు నెలలు వార్డు మెంబర్లు పసుపు కొమ్ముల మీద కూర్చుని తీర్మానాలు చేశారు. తీర్మానాలన్నీ పెళ్లిపత్రికల్లా పచ్చగా ఉండేవి.

ఈ తరుగంతా గొణుక్కుంటూనో సణుక్కుంటూనో పడ్డవాళ్లే అందరూ. ఒక్క భీమవ్వ మాత్రం పడలేదు. ఊడ్చే ఏడుగురికీ ఆమె పెద్ద. పొట్టి మనిషి, గుట్ట కదిలినట్టుండే గొంతు. ఏడు చీపుర్లు అడిగితే కాశీరాం ఆరిచ్చిన రోజున పంచాయతీ ముందు నిలబడి ఎత్తుకుంది.

"ఏం సర్పంచివయ్యా నువ్వు! చీపుర్లల్ల గుడ తరుగా? ఏడుగురం ఆరు చీపుర్లతోని ఎట్ల ఊడ్వాలె? ఏడోదాన్ని చేతులతోని ఏరమంటవా?"

"రోజుకొకలు నీళ్లు చల్లుండ్రి. చల్లేటామెకు చీపురెందుకు?"

"నీ తక్కెడ ఇరిగిపోను! నీకు బువ్వ పెట్టేటామెకు దండం పెట్టాలె!"

లోపల ఇస్హాక్ పెన్ను ఆగిపోయింది. ఆమె బతుకు కోసమే ఆ ఏడో చీపురు మిగిలించాడని బయటికి పోయి అరవాలనిపించింది. సర్పంచ్ కళ్లతోనే వద్దన్నాడు.

1991 మార్చి ఇరవై ఎనిమిది. తరుగు పైసలు, పసుపు కిరాయి, ఇంటిపన్నులు అన్నీ కలిసి బాకీని తొమ్మిది వేల నాలుగు వందలకు దించాయి. ఆ పైసలు బ్యాంకులో ఉన్నాయి. ముప్పై తారీఖున చెక్కు ఇస్తే కథ కంచికి. సరిగ్గా ఇరవై ఎనిమిదినే ఆడిట్ సారు దిగాడు. కోస్తాలో కొబ్బరితోటల వైపు మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఇస్హాక్ "సార్, జర దులిపి..." అనేలోపే కుర్చీలో కూర్చున్నాడు. లేచేసరికి సగం పెళ్లికొడుకయ్యాడు. ఆ కోపంతోనే పుస్తకం తెరిచాడు.

"ఏమండీ గుమాస్తాగారూ, ఈ తరుగంటే ఏమిటండీ?"

"తరుగంటే తరుగే సార్."

"అంటే లోటు! అరవై ఒక్క వేల మూడు వందల పన్నెండు రూపాయలు లోటు! ఎవరు తీశారండీ?"

"సర్పంచ్ సాబ్ తీసిండు సార్."

"రహస్యంగానా?"

"లేదు సార్. అందరి ముంగట తీస్తడు. రోజూ తీస్తడు. ఒక్కన్ని ఇడువడు," అన్నాడు ఇస్హాక్ గర్వంగా.

ఆడిట్ సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్ల సర్వీసులో తిన్నవాళ్లను చాలామందిని చూశాను. తిన్నది తేదీలవారీగా, పైసలతో సహా, ఎర్రసిరాతో రాయించినవాణ్ని ఇప్పుడే చూస్తున్నా. మీరూ తీస్తారా?"

"నేను రాస్త. గంతే సార్."

అప్పుడే కాశీరాం లోపలికొచ్చాడు. "ఎంతన్నడు, ఇస్హాక్ భాయ్?"

"అరవై ఒక్క వేలు సాబ్."

"గంతేనా? నేను ఇంకా మస్తు తీసిన గదా! మల్లొక్కసారి కూడు!"

ఆడిట్ సారు లేచి నిలబడ్డాడు. "నా రిపోర్టు తేలేదాకా బ్యాంకులోంచి ఒక్క పైసా కదలటానికి వీల్లేదండీ!"

చెక్కు కదలకపోతే ముప్పై ఒకటి దాటిపోతుంది. దాటితే ఏడు కాగితాలు. "యా అల్లా," అని ఇస్హాక్ బీరువా తెరిచి, చాట తెచ్చి ఆడిట్ సారు ముందు పెట్టాడు. రాజేశ్వర్ బిల్లు పెట్టాడు. పున్నములన్నీ గుర్తుపెట్టిన క్యాలెండర్ పెట్టాడు. గంటసేపు చాట చేత్తో పట్టుకుని విడమరిచి చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆడిట్ సారు నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటీ విడిపోయాయి.

"అంటే... ఇది పోయిన డబ్బు కాదు. పోనివ్వని డబ్బు!"

"గదే సార్, గదే!"

"మాకు తరుగంటే నష్టమండీ. మీకు లాభమా? ఏం ఊరండీ ఇది!"

ఇక్కడితో అయిపోవలసింది. కాని ఆడిట్ సారుకు ఒక్క తప్పైనా దొరకనిదే టిఫిన్ అరగదు. కూలి తీసుకునే మనుషులు నిజంగా ఉన్నారో లేదో చూస్తానని ఏడుగురినీ పిలిపించాడు. భీమవ్వ కొంచెం కుంటుతూ వచ్చింది.

"కాలికేమైందమ్మా?"

"ఇరిగింది సారు. పోయిన మాఘంల. ఇరవై మూడొద్దులు దవాఖానల పడుకున్న."

ఆడిట్ సారు హాజరు పుస్తకం తిప్పాడు. వేలు ఆగింది. "ఇరవై మూడు రోజులూ హాజరని ఉందే! కూలి కూడా ఇచ్చారే! దొంగ హాజరు! గుమాస్తాగారూ, ఇది మీ రాతేనా?"

ఇస్హాక్ రాతే. ముత్యాలు దాక్కోలేవు. "పని నడుస్తున్నది, హాజరెయ్యి," అని సర్పంచ్ అంటే వేశాడు. ఆమె బదులు ఆమె ఆడబిడ్డ వస్తోందనుకున్నాడు. ఆయన కాశీరాం వైపు చూశాడు. ఎవరి కళ్లలోకైనా సూటిగా చూసి తరుగు తీసే కాశీరాం, గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

"మరి ఆ ఇరవై మూడు రోజులు ఆమె వీధి ఎవరు ఊడ్చారు?"

వెనకనుంచి వెంకవ్వ కిసుక్కున నవ్వింది. "కొత్తామె ఊడ్చింది సారు."

"పేరు?"

"పేరు చెప్పలే. కోడికూతకు ముంగటనే వచ్చేది. నెత్తిమీదికెళ్లి నీలవ్వ పాత శాలువ కప్పుకొని, ముసుగు తీసేదే కాదు. అమ్మా నీదేవూరే అంటే ఊఁ అనేది. గంతే." వెంకవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మీసాలైతే ఉండె."

"ఇంకొకటి చెప్పనా సారు? కొత్తామె సక్కగ ఊడుస్తలేదని వీధోళ్లంత సర్పంచి దగ్గరికే పోయి ఫిర్యాదు జేసిండ్రు. 'గట్లనా? దాని జీతంల తరుగు తీస్త' అన్నడు!"

మొదట నవ్వింది ఆడిట్ సారే. ఆయన నవ్వుకు కుర్చీలోంచి పసుపు పొగలాగా లేచింది. కాశీరాం చెవులు ఎర్రబడ్డాయి.

"ఎందుకండీ ఇదంతా?"

"లెక్క సారు, ఇంకేముంది?" అన్నాడు కాశీరాం విసుగ్గా. "ఆమె కూలి కొట్టేస్తే ఇల్లు నడువదు. వేరేటామెను పెడితే రెండు కూళ్లు. రెండు దిక్కుల నష్టమే. నా చేతులు పుక్కట్ల ఉన్నయి. ఊడ్సిన వీధి ఎవలు ఊడ్సిండ్రని అడుగుతదా?"

"వీధి అడగదండీ, నేను అడుగుతాను. చేసినవాడికే కూలి ఇవ్వాలని రూలు. ఆమె సెలవును జబ్బు కింద నేను సర్దుతాను. మీకు మాత్రం పంచాయతీ ఇరవై మూడు రోజుల కూలి బాకీ. రోజుకు పదకొండు చొప్పున రెండు వందల యాభై మూడు."

కాశీరాం పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మూడేళ్లు ఇంచు ఇంచు తగ్గించిన బాకీ కళ్లముందే పెరుగుతోంది. "కొత్త బాకీ పెట్టకుండ్రి సారు! మీ కాళ్లు మొక్కుత!"

"జర ఆగుండ్రి," అంది భీమవ్వ నడుముకు కొంగు చుట్టి. "కూలి ఇచ్చేటందుకు గది ఊడ్సుడేనా సారు? నేను వచ్చినంక నాలుగొద్దులు ఆయన ఇడిసిన చెత్తనే ఎత్తిన. మూలలన్ని గట్లనే ఉండె. తరుగు తియ్యుండ్రి!"

"ఎంత తీయమంటారమ్మా?"

"నూటికి నూరు."

ఆడిట్ సారు ఎర్రసిరా పెన్ను తీశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో రాయని మాట రాశాడు: సర్పంచ్ చేసిన పని ఇరవై మూడు రోజులు, తరుగు ఇరవై మూడు రోజులు, ఇవ్వవలసింది ఏమీ లేదు. "చెక్కు ఎల్లుండి ఇచ్చేయండి. బాకీ తీరిపోతుంది కాబట్టి ఈ ఏడుగురినీ తీసేయాలన్న ఉత్తరువు చెల్లదని కూడా రాసిపోతున్నా."

భీమవ్వ ముందుకొచ్చింది. "ఏం ఉత్తరువు? మమ్ముల తీసేద్దురా?"

ఇస్హాక్ చెప్పాడు. మూడేళ్లు మింగినదంతా మూడు వాక్యాల్లో కక్కేశాడు. ఏడుగురూ కాశీరాంను చూశారు. ఆయన మళ్లీ బల్లిని వెతుక్కున్నాడు గాని అది ఎప్పుడో పోయింది.

"మూడేండ్లు నోటికొచ్చినట్టు తిట్టిన గదా కాశన్నా. ఒక్క మాటన్న చెప్పకపోతివి!"

"తరుగు తీసే విన్నలే."

భీమవ్వ చెయ్యి చాపి వెంకవ్వ చేతిలోని చీపురు లాక్కుని, కాశీరాం చేతిలో పెట్టింది.

"వంగు. గట్ల కాదు, నడుం వంచు. మూల గిట్ల గీకి ముంగటికి తీయాలె, ఎనుకకు తోసుడు కాదు. సర్పంచివైతే ఏంది, ఊడ్సుడు రావొద్దా? సారూ, జర కాళ్లు మీదికి ఎత్తుండ్రి."

ఆడిట్ సారు రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని, బుద్ధిగా కూర్చున్నాడు.